90 రోజుల నోటీసు పీరియడ్ ఉంటే ముందు పేపర్స్ వేయాలా (అంటే రాజీనామా చేయాలా), ముందు ఆఫర్ తెచ్చుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బెంగళూరులో ఒక సర్వీస్ కంపెనీలో జావా డెవలపర్‌గా ఉన్నారు. ఇదే మొదటి ఉద్యోగం, చేరి 4 ఏళ్ల 4 నెలలైంది. జీతం ఏడాదికి 12 లక్షలు, నోటీసు పీరియడ్ 90 రోజులు. రిక్రూటర్లు ఫోన్ చేస్తున్నారు కానీ 90 రోజులు అనగానే పెట్టేస్తున్నారు. "ముందు పేపర్స్ వేసెయ్, నోటీసులో ఉన్నావంటే కాల్స్ వాటంతటవే వస్తాయి" అని రూమ్మేట్స్ అంటున్నారు. అనంతపురంలో కట్టిన ఇంటికి ఈఎంఐ మీ జీతంలోంచే పోతోంది కాబట్టి నాన్నగారు వద్దంటున్నారు.

ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా చేయకండి. ఈ విషయంలో మీ నాన్నగారిదే సరైన మాట. అయితే ఉద్యోగం మారడమే వద్దని నేననను. మారండి, ఇవాళే పని మొదలుపెట్టండి. రాజీనామా మెయిల్ మాత్రం ఇప్పటి నుంచి సుమారు 5 నెలల తర్వాత పంపేలా ప్లాన్ చేసుకోండి. ఆ 5 నెలల లెక్క కింద చెప్తాను.

నేను ఇదే ఊళ్లో చాలా ఏళ్లుగా ఐటీ రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. సర్వీస్ కంపెనీలకూ చేశాను, ఇప్పుడు ఒక విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్‌కి చేస్తున్నాను. మీకు ఫోన్ చేసి పెట్టేసేవాళ్ల వైపు కూర్చుని ఉన్నాను కాబట్టి అక్కడేం జరుగుతుందో ముందు చెప్తాను.

90 రోజులు అనగానే ఫోన్ పెట్టేసేవాళ్లలో ఎక్కువమంది అసలు కంపెనీ మనుషులు కారు, థర్డ్ పార్టీ వెండర్లు. క్లయింట్ దగ్గర ఒక సీటు ఖాళీ అవుతుంది, ఇంత గడువులో నింపాలని వాళ్లకు చెప్తారు. మూడు నెలలు ఆగాల్సిన మనిషి వాళ్లకు పనికిరాడు. నౌక్రీ అనే ఉద్యోగాల పోర్టల్‌లో రిక్రూటర్లు వెతికేటప్పుడు నోటీసు పీరియడ్‌ని బట్టి ఫిల్టర్ పెట్టుకోవచ్చు. 15 రోజులు, 30 రోజులు అని పెట్టగానే మీ ప్రొఫైల్ జాబితాలోకే రాదు. అంటే వాళ్లు మీ పని చూసి వద్దనడం లేదు, మీ రెజ్యూమే తెరవడం లేదు. ప్రొడక్ట్ కంపెనీలూ, జీసీసీలూ (మా లాంటి సెంటర్లను ఇక్కడ అలాగే అంటారు) మంచి అభ్యర్థి దొరికితే 60 రోజులు, 90 రోజులు ఆగుతాయి. దేశంలో ఇలాంటి సెంటర్లు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది బెంగళూరులోనే. కాబట్టి మార్చుకోవాల్సింది మీ నోటీసు పరిస్థితిని కాదు, మీరు వెతుకుతున్న చోటుని.

మరి రూమ్మేట్స్ చెప్పింది అబద్ధమా అంటే, కాదు. నోటీసులో ఉన్నవాళ్లకు కాల్స్ ఎక్కువ వస్తాయి. కానీ ఆ కాల్స్ ఆఖరికి ఎక్కడ తేలతాయో నేను చూస్తుంటాను. కడప నుంచి వచ్చిన ఒక అబ్బాయి మంచి టెస్ట్ ఆటోమేషన్ ఇంజనీర్. ఇలాగే ముందు పేపర్స్ వేశాడు. మొదటి నెల బోలెడు కాల్స్. రెండో నెల ఇంటర్వ్యూలన్నీ సగం సగంలో ఆగాయి. ఒకచోట మేనేజర్ సెలవులో ఉన్నాడు, ఒకచోట క్లయింట్ రౌండ్ వాయిదా పడింది, ఒకచోట ఆ పొజిషన్నే ఆపేశారు. మూడో నెలలో లాస్ట్ వర్కింగ్ డే దగ్గర పడుతున్న కొద్దీ అతను అడిగే జీతం తగ్గుతూ వచ్చింది. ప్రతి ఫోన్‌లోనూ ఎదుటివాళ్లు మొదట అడిగేది "మీ ఆఖరి తేదీ ఎప్పుడు?" అనే కదా. ఆ తేదీ వినగానే ఇతనికి ఇంకెన్ని వారాలు మిగిలాయో వాళ్లకు తెలిసిపోతుంది. చివరికి పాత జీతానికే, ఇష్టం లేని సపోర్ట్ ప్రాజెక్టులో చేరాడు. ఈఎంఐ ఉన్న మనిషి ఆ స్థితిలోకి తనంతట తాను వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు రాజీనామా చేయడం న్యాయమే అనిపించే సందర్భాలు లేకపోలేదు. నిద్ర లేక ఆరోగ్యం పాడవుతుంటే, పై అధికారి వేధింపులు భరించలేని స్థాయికి వస్తే, కనీసం 6 నెలల ఈఎంఐ, అద్దె, ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉంటే బయటికి రండి, తప్పు లేదు. మీరు రాసినదాన్ని బట్టి మీకా పరిస్థితి లేదు. పని బోర్ కొట్టింది, జీతం పెరగడం లేదు, అంతే.

ఇక 5 నెలల లెక్క.

1972 గ్రాట్యుటీ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం పర్మనెంట్ ఉద్యోగికి ఒకే సంస్థలో 5 ఏళ్ల సర్వీసు నిండితే, మానేసేటప్పుడు గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు ఒకేసారి ఇచ్చే మొత్తం) ఇవ్వాలి. చివరి నెల వేతనాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఎన్నేళ్లు పనిచేశారో దానితో గుణిస్తే వచ్చేది ఆ మొత్తం. ఈ లెక్కకు తీసుకునే వేతనం నెలకు 40,000 అనుకుందాం. 5 ఏళ్లకు సుమారు 1,15,000 రూపాయలు, అదీ పన్ను లేకుండా. మీకు 5 ఏళ్లు నిండడానికి ఇంకా 8 నెలలుంది. నోటీసు కాలం కూడా సర్వీసు కిందే లెక్క. కాబట్టి 5 నెలల తర్వాత రాజీనామా చేసి 90 రోజులూ పనిచేస్తే సరిగ్గా 5 ఏళ్లు పూర్తవుతాయి. ఒకటి రెండు వారాలు ఆలస్యంగా పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇన్నాళ్లూ మీకు అడ్డుగా కనిపించిన ఆ 90 రోజులు ఇక్కడ మీకే పనికొస్తున్నాయి.

ఐదో ఏడాదిలో 240 రోజులు పూర్తయితే 5 ఏళ్లు నిండినట్టేనని మద్రాస్ హైకోర్టు గతంలో తీర్పు చెప్పింది. కొన్ని కంపెనీలు దాన్ని పాటిస్తాయి, కొన్ని మాత్రం క్యాలెండర్ ప్రకారం 5 ఏళ్లూ నిండాల్సిందే అంటాయి. మీ కంపెనీ ఏ లెక్క పాటిస్తుందో హెచ్ఆర్ పోర్టల్‌లోని పాలసీ చదివి తెలుసుకోండి. హెచ్ఆర్ దగ్గరికెళ్లి అడిగితే మీరు వెళ్లిపోతున్నారని ఆ రోజే తెలిసిపోతుంది.

అలాగని గ్రాట్యుటీ కోసం మంచి ఆఫర్ వదులుకోవద్దు. మూడో నెలలోనే మీకు నచ్చిన పని, నెలకు 25,000 ఎక్కువ జీతంతో వచ్చిందనుకోండి. ఇంకో రెండు నెలలు ఆగి అది చేజారితే నష్టం మీకే. చేరే తేదీని రెండు నెలలు ఆలస్యం చేయగలరా అని అడగండి. ఒప్పుకుంటే సంతోషం, ఒప్పుకోకపోతే చేరిపోండి. 5 నెలలనేది మీరు ప్రశాంతంగా ప్రిపేర్ కావడానికి పెట్టుకునే గడువు మాత్రమే.

ఈ గడువులో మొదటి రెండు నెలలు ఇంటర్వ్యూల జోలికి వెళ్లకండి. ముందు మీరు ఏ పనిలోకి మారాలనుకుంటున్నారో తేల్చుకోండి. సర్వీస్ కంపెనీల నుంచి వచ్చేవాళ్ల రెజ్యూమేల్లో నాకు రోజూ కనిపించే లోపం ఇదే: ప్రాజెక్టు పేరు, క్లయింట్ వ్యాపారం, వాడిన టూల్స్ పేర్లు అన్నీ ఉంటాయి, ఆ మనిషి చేసిందేమిటో మాత్రం ఉండదు. "స్ప్రింగ్ బూట్‌లో మైక్రోసర్వీసెస్ మీద పనిచేశాను" అంటే నాకు ఏమీ తెలియదు. "రోజు చివర నడిచే బ్యాచ్ జాబ్ నాలుగు గంటలు తీసుకునేది, డేటాబేస్ క్వెరీలు మార్చి గంటలోపు తెచ్చాను" అని రాస్తే మా మేనేజర్ దాని మీదే అరగంట మాట్లాడతాడు. గత రెండేళ్లలో మీరు చేసిన పనుల్లో ఇలాంటివి నాలుగైదు రాసి పెట్టుకోండి. రాయడానికి ఏమీ దొరకకపోతే అది కూడా తెలుసుకోవాల్సిన విషయమే. వెంటనే మీ లీడ్‌ని అడిగి కాస్త కష్టమైన పని తీసుకోండి. మరో కంపెనీకి వెళ్లే దారి చాలామందికి ఇప్పుడున్న ప్రాజెక్టులోంచే తెరుచుకుంటుంది.

సిస్టమ్ డిజైన్ చదవడం, కోడింగ్ ప్రశ్నలు సాధన చేయడం మీకు తెలిసినవే, వాటి గురించి ఎక్కువ చెప్పను. రోజుకు గంటన్నర చాలు, కానీ రోజూ చేయాలి.

మూడో నెల నుంచి అప్లై చేయండి. నౌక్రీలో ప్రొఫైల్ అప్‌డేట్ చేసే ముందు, మీ ప్రస్తుత కంపెనీకి అది కనిపించకుండా బ్లాక్ చేసుకునే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టుకోండి. అయితే పోర్టల్ కన్నా రెఫరల్ మీద ఎక్కువ ఆధారపడండి. లోపల పనిచేసేవాళ్లు పంపిన రెజ్యూమేని మేము తప్పకుండా తెరుస్తాం, నోటీసు ఫిల్టర్ అక్కడ అడ్డురాదు. మీ కాలేజీ సీనియర్లు వైట్‌ఫీల్డ్‌లోనో, మారతహళ్లిలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో తప్పకుండా ఉంటారు. "అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అని మెసేజ్ పెడితే ఎవరూ ఏమీ చేయలేరు. వాళ్ల కంపెనీ కెరీర్స్ పేజీ చూసి, మీకు సరిపోయే పొజిషన్ నంబర్, రెజ్యూమే, మీ గురించి మూడు వాక్యాలు కలిపి పంపండి. వాళ్లకు రెండు నిమిషాల పని అవుతుంది, ఆ రోజే చేసేస్తారు.

ఫోన్‌లో నోటీసు గురించి అడిగితే అబద్ధం చెప్పకండి. "60 రోజులే" అని చెప్పి, ఆఫర్ వచ్చాక 90 అన్నవాళ్ల ఆఫర్లు రద్దవడం నేను చూశాను. ఫోన్ రాకముందే మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి నోటీసు పేరా చదవండి. నోటీసు బదులు డబ్బు కట్టి ముందే వెళ్లే హక్కు (బై అవుట్) ఉద్యోగికి ఇచ్చారా, లేక "కంపెనీ ఇష్టాన్ని బట్టి" అని రాశారా అన్నది అక్కడ చూడాలి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే "90 రోజులు, బై అవుట్ ఉంది, మీరు భరిస్తే ముందే చేరగలను" అని ధైర్యంగా చెప్పవచ్చు. రెండోదైతే "90 రోజులు, ముందుగా వదలమని అడుగుతాను, కానీ మాట ఇవ్వలేను" అనండి. ఇంత స్పష్టంగా చెప్పేవాళ్ల మీద మాకు నమ్మకం కలుగుతుంది.

ముందుగా వదిలేలా ఒప్పించడం కూడా సాధ్యమే. మా దగ్గర చేరిన ఒకమ్మాయి రాజీనామా మెయిల్ పంపిన రోజే ఇంకో మెయిల్ తయారుచేసుకుంది. తన దగ్గరున్న పనులేమిటి, ఒక్కొక్కటి ఎవరికి అప్పగించవచ్చు, ఎన్ని రోజులు నేర్పాలి, డాక్యుమెంట్లు ఎప్పటికి పూర్తవుతాయి, ఇవన్నీ ఒక పట్టిక. మేనేజర్ ముందు పెట్టింది. ఆయనకు కావాల్సింది ప్రాజెక్టు ఆగకపోవడం, అంతే కదా. రెండు నెలలు నిండకముందే రిలీవ్ చేశారు. గొడవపడి, లీవులు పెట్టి, పని ఆపేసినవాళ్లకు 90వ రోజు దాకా విడుదల ఉండదు, ఆ తర్వాత రిలీవింగ్ లెటర్‌కీ తిరగాల్సి వస్తుంది.

ఆఫర్ వచ్చాక అంకె చూసి తొందరపడకండి. 12 లక్షల మీద 17 లక్షల ఆఫర్ వచ్చిందనుకుందాం. విని 42 శాతం హైక్ అని ఇంట్లో చెప్పేస్తారు. విడదీసి చూస్తే అందులో ఒకటిన్నర లక్షలు జాయినింగ్ బోనస్. ఒక్కసారే వస్తుంది, సాధారణంగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. 2 లక్షలు వేరియబుల్, కంపెనీ ఫలితాలను బట్టి వస్తే వస్తుంది. మిగిలింది పదమూడున్నర లక్షలు. మీ ఇప్పటి 12 లక్షల్లో వేరియబుల్ లేకపోతే అసలు పెరుగుదల పన్నెండున్నర శాతమే. ఆ పదమూడున్నరలో కూడా యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, ఇన్సూరెన్స్ ప్రీమియం కలిపి ఉండొచ్చు. హెచ్ఆర్‌ని నెలకు చేతికొచ్చే జీతం ఎంతో కాగితం మీద అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని సంకోచించకండి, మాకు అది రోజూ వచ్చే ప్రశ్నే.

జీతంతో పాటు ఆఫీసు ఎక్కడో, వారానికి ఎన్ని రోజులు రావాలో కూడా రాయించుకోండి. ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటూ మాన్యత టెక్ పార్క్‌లో ఆఫీసంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి. వైట్‌ఫీల్డ్‌కి పర్పుల్ లైన్ 2023 అక్టోబరు నుంచి పూర్తిగా నడుస్తోంది, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. ఈ రెండు దారుల్లో ఉన్న ఆఫీసైతే కాస్త నయం. లేదంటే ఇల్లు మారాలి. ఈ ఊళ్లో ఇల్లు మారడమంటే ఎన్నో నెలల అద్దె అడ్వాన్సుగా ముందే కట్టాలని మీకు తెలుసు. ఆ ఖర్చు కూడా హైక్‌లోంచి తీసేసి చూసుకోండి.

బాండ్ గురించి కూడా చదవండి. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. కానీ ఇన్నేళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలనే బాండ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. విజయా బ్యాంక్ కేసులో మూడేళ్లలోపు మానేసినందుకు 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025లో తీర్పిచ్చింది.

నోటిమాట ఆఫర్, "లెటర్ ఆఫ్ ఇంటెంట్", "రేపు వచ్చేస్తుంది" అనే వాట్సాప్ మెసేజ్, వీటిలో దేన్ని నమ్మీ పేపర్స్ వేయకండి. సంతకం చేసిన ఆఫర్ లెటర్, అందులో జీతం వివరం, చేరే తేదీ ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (మీ చదువు, పాత ఉద్యోగం వివరాల తనిఖీ) రాజీనామాకు ముందే చేస్తారా అని అడిగి, చేస్తామంటే అది పూర్తయ్యాకే వేయండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మారతహళ్లి చుట్టుపక్కల డబ్బులు తీసుకుని రెండేళ్ల అనుభవాన్ని నాలుగేళ్లుగా చూపించి ఇస్తామనే కన్సల్టెన్సీలు మన పిల్లలకు బాగా తెలుసు. దయచేసి ఆ వైపు వెళ్లకండి, స్నేహితుల్నీ వెళ్లనివ్వకండి. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబర్) తో పీఎఫ్ సర్వీసు చరిత్ర మొత్తం కనిపిస్తుంది. ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో, ఒకే సమయంలో రెండు చోట్ల ఉన్నారేమో కూడా. చేరిన ఆరు నెలల తర్వాత బయటపడినా ఆ రోజే పంపేస్తారు. ఆ పిల్లల మొహాలు చూడటం నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని.

పేపర్స్ వేశాక మీ కంపెనీ జీతం పెంచుతామని ఆపవచ్చు. కారణం జీతమొక్కటే అయితే, పెంపు ఉత్తర్వు చేతికొచ్చాక ఆలోచించండి. పని నచ్చక వెళ్తుంటే ఒప్పుకోకండి. ఆగిపోయినవాళ్లు ఏడాది తిరిగేలోపు మళ్లీ మాకే రెజ్యూమే పంపడం నేను తరచూ చూస్తాను.

వెళ్లేటప్పుడు చేయాల్సినవి చిన్నవే కానీ మర్చిపోతే తలనొప్పి. పేస్లిప్పులు, ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు లాప్‌టాప్ ఇచ్చేయకముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కంపెనీ కోడ్, క్లయింట్ ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా తీసుకోవద్దు. పీఎఫ్ డబ్బు తీసేయకండి, బదిలీ చేసుకోండి. 5 ఏళ్ల సర్వీసు లేకుండా తీస్తే పన్ను పడుతుంది, బదిలీ చేస్తే పాత సర్వీసు కొత్తదానికి కలుస్తుంది. పెన్షన్‌కి కావాల్సిన 10 ఏళ్ల లెక్కా తెగదు. ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే పాత జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. లేదంటే ఇద్దరూ ఎవరికి వారు శ్లాబులూ, 75,000 స్టాండర్డ్ డిడక్షనూ ఇచ్చేసి తక్కువ పన్ను కోస్తారు, జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారిగా కట్టాల్సి వస్తుంది.

అమ్మానాన్నల ఆరోగ్య బీమా మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. కంపెనీ గ్రూప్ పాలసీ మామూలుగా మీ ఆఖరి రోజుతోనే ఆగిపోతుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రులను చేర్చుకుంటుందో లేదో ముందే అడగండి. వాళ్లకు షుగర్, బీపీ ఉంటే విడిగా ఒక పాలసీ ఈ 5 నెలల్లోనే తీసుకోవడం మంచిది. పాత జబ్బులకు కవర్ రావడానికి గరిష్ఠంగా మూడేళ్ల దాకా ఆగాల్సి ఉండొచ్చు. ఆ గడియారం ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు హైక్ ఎంతో చెప్పి ఒప్పించాలని చూడకండి. ఆయన భయం జీతం గురించి కాదు, వచ్చే నెల ఈఎంఐ గురించి. ఆఫర్ లెటర్ లేకుండా రాజీనామా చేయనని మాటివ్వండి. ఈ 5 నెలల్లో మూడు ఈఎంఐలకు సరిపడా డబ్బు విడిగా ఒక ఖాతాలో వేసి, పాస్‌బుక్ ఆయనకే ఇవ్వండి. టాప్ అప్ లోన్ లాంటిదేమైనా తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం ఉద్యోగం మారకముందే అడగండి, కొత్తగా చేరినవాళ్లను బ్యాంకులు రకరకాల ప్రశ్నలడుగుతాయి.

ఇవాళ రాత్రి మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పేరా చూసి, బై అవుట్ గురించి ఉన్న వాక్యాన్ని కంపెనీ పేరు లేకుండా కింద రాయండి. దాన్ని బట్టి రిక్రూటర్‌తో మీరేం చెప్పాలో ఇంకాస్త వివరంగా రాస్తాను.